అతివాహకం పైపొరలో ఊగిసలాట

అతివాహక పదార్థాన్ని చల్లబరుస్తూ పోతే ఒకానొక ఉష్ణోగ్రత దగ్గర దాని విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుంది. ఆ ఉష్ణోగ్రతను సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో హైకె కామర్లింగ్ ఓనెస్ పాదరసంలో ఈ మార్పును మొదటిసారి గమనించాడు. అది 4.2 కెల్విన్‌ల దగ్గర, అంటే దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కత్తితో కోసినట్టు జరిగింది. పైన మామూలు లోహం, కింద అతివాహకం. నడుమ ఇంకో స్థితి లేదు. తర్వాత అతివాహకాలని తేలిన సీసం, తగరం, నియోబియం కూడా ఇదే బాటలో నడిచాయి. ఇరవయ్యో శతాబ్దం చివరి పాతికేళ్లలో బయటపడిన కొత్త జాతి అతివాహకాల్లో మాత్రం ఆ కోత మొద్దుబారింది. సందిగ్ధ ఉష్ణోగ్రతకు పైన కూడా అతివాహకత కొద్ది మేర, కొద్ది సేపు పుట్టి ఆరిపోతూ ఉంటుంది. ఈ హెచ్చుతగ్గులు పదార్థం లోపలి కంటే ఉపరితలం మీద ఎక్కువ.

అవి ఎక్కడినుంచి వస్తాయో తెలియాలంటే, అతివాహకత రెండు మెట్లలో వస్తుందని ముందు గుర్తించాలి. 1957లో జాన్ బార్డీన్, లియాన్ కూపర్, రాబర్ట్ ష్రీఫర్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం తక్కువ ఉష్ణోగ్రతలో ఎలక్ట్రాన్లు రెండేసి చొప్పున జంటలు కడతాయి. స్ఫటికంలోని పరమాణువుల కంపనాలే వాటిని కలుపుతాయి. ఇది మొదటి మెట్టు. జంటలు కట్టినంత మాత్రాన నిరోధం పోదు. ప్రతి జంటకూ ఒక తరంగం ఉంటుంది, ఆ తరంగాల దశ అన్ని జంటలకూ ఒకటే కావాలి. ఇది రెండో మెట్టు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తప్పెటగుళ్లు చూసినవారికి ఈ తేడా తేలిగ్గా పట్టుబడుతుంది. గుండెకు తప్పెట కట్టుకుని అందరూ ఆటలోకి దిగడం ఒకటి, అందరి అడుగూ దెబ్బా ఒకే తాళంలో పడడం మరొకటి. ఎవరి వాయింపు వారిదైతే మోత ఉంటుంది గాని ఆట ఉండదు. జంటలు కట్టి, వాటి దశలు కలవని పదార్థం కూడా అలాంటిదే. అందులో జంటలుంటాయి, అతివాహకత ఉండదు.

పాదరసం, అల్యూమినియం వంటి లోహాల్లో ఈ రెండు మెట్లూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర కలిసిపోతాయి. దీనికి కారణం జంట పరిమాణం. అల్యూమినియంలో జంట కట్టిన రెండు ఎలక్ట్రాన్ల మధ్య ఎడం దాదాపు 1,600 నానోమీటర్లు. ఈ కొలతను సంబద్ధత దూరం అంటారు. ఒక్క జంట పరుచుకున్న ఆ మేరలోనే లక్షల సంఖ్యలో ఇతర జంటలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఏ ఒక్కటీ తన దశను మార్చుకుని విడిగా పోలేదు. 1960లో విటాలీ గింజ్‌బర్గ్ ఈ లెక్క వేసి, మామూలు అతివాహకాల్లో హెచ్చుతగ్గులు కనిపించే ఉష్ణోగ్రతా పరిధి కొలతకు అందనంత సన్ననిదని తేల్చాడు. మందం బాగా తగ్గి, పరమాణువుల అమరిక చెదిరిన పొరల్లో ఆ పరిధి కొంత విస్తరిస్తుంది. 1967లో రోల్ఫ్ గ్లోవర్ బిస్మత్ పలుచటి పొరల్లో సందిగ్ధ ఉష్ణోగ్రతకు కాస్త పైనే వాహకత పెరగడం కొలిచాడు. మరుసటి ఏడాది అస్లమజోవ్, లార్కిన్ అనే సోవియట్ శాస్త్రవేత్తలు దానికి సిద్ధాంతం రాశారు. పుట్టి వెంటనే చెదిరిపోయే జంటలు కూడా ఉన్నంతసేపు కొంత కరెంటు మోస్తాయన్నది ఆ సిద్ధాంత సారం. అప్పట్లో ఇది ఒక చిన్న సవరణ పదం మాత్రమే.

సంప్రదాయేతర అతివాహకాలు వచ్చాక ఆ చిన్న పదమే పెద్ద సమస్య అయింది. వీటిలో జంటలను కలిపేది పరమాణువుల కంపనం కాదనీ, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ, వాటి స్పిన్‌ల అయస్కాంత ప్రభావం అందుకు మూలమనీ ఎక్కువమంది అభిప్రాయం. మొదటిది 1979లో ఫ్రాంక్ స్టెగ్లిచ్ బృందం కనుగొన్న సీరియం, రాగి, సిలికాన్‌ల సమ్మేళనం. 1986లో జ్యూరిక్ ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ లాంథనం, బేరియం, రాగి ఆక్సైడ్‌లో 30 కెల్విన్‌ల పైన అతివాహకతను చూశారు. 1987 మొదట్లో ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ 93 కెల్విన్‌లకు చేరింది. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్‌ల దగ్గరే మరుగుతుంది గనుక ఖరీదైన హీలియం అక్కర్లేకుండా అతివాహకత చేతికి అందింది. 2008లో ఇనుము సమ్మేళనాలు, 2019లో నియోడిమియం, నికెల్ ఆక్సైడ్ పొరలు ఈ జాబితాలో చేరాయి. వీటి పేర్లలో తరచూ వినిపించే లాంథనం, సీరియం, నియోడిమియం ఉత్తరాంధ్రకు దూరపు సరుకేమీ కాదు. మూడూ మోనజైట్ ఖనిజంలో ఉంటాయి. భీమిలి నుంచి కళింగపట్నం మీదుగా భావనపాడు దాకా సాగే తీరంలోని నల్ల ఇసుకలో మోనజైట్ ఉంది. దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం కూడా ఆంధ్రప్రదేశే.

రాగి ఆక్సైడ్‌లలో జంట తరంగం అన్ని దిక్కులకూ ఒకేలా ఉండదు. ఒక దిశలో దాని గుర్తు ధనాత్మకం, లంబదిశలో ఋణాత్మకం, రెంటికీ మధ్య 45 డిగ్రీల దగ్గర సున్నా. 1994లో ఐబీఎంలో చాంగ్ త్సూయ్, జాన్ కర్ట్లీ మూడు స్ఫటికాలను వేర్వేరు కోణాల్లో అతికించి, వాటి కూడలి దగ్గర అయస్కాంత అభివాహం ప్రమాణంలో సరిగ్గా సగం చిక్కుకుని ఉండడం చూపించారు. తరంగం గుర్తు మారితే తప్ప అలా జరగదు. ఈ గుర్తు మార్పు ఉపరితలం దగ్గర ఎంత పని చేస్తుందో ముందు ముందు తెలుస్తుంది.

రాగి ఆక్సైడ్‌లో సంబద్ధత దూరం పొర వెంబడి 1 నుంచి 2 నానోమీటర్లు మాత్రమే. పొరకు అడ్డంగా అయితే అందులో కొద్ది వంతు. జంటలు చిన్నవి, వాటి సాంద్రత తక్కువ, పైగా అవి పొరలు పొరలుగా విడిపోయి ఉంటాయి. ఒక జంట ఇంకో జంటను తాళంలో నిలబెట్టే బలం సన్నగిల్లుతుంది. 1995లో విక్టర్ ఎమెరీ, స్టీవెన్ కివెల్సన్ ఈ సంగతినే సూటిగా చెప్పారు. ఇలాంటి పదార్థాల్లో, ముఖ్యంగా ఎలక్ట్రాన్ల కొరత తక్కువగా ఉన్నవాటిలో, సందిగ్ధ ఉష్ణోగ్రతను నిర్ణయించేది జంటలు విడిపోవడం కాదు, దశలు చెదిరిపోవడం అని వారి వాదన. ఆ తర్వాతి ప్రయోగాలు దీనికి కొంత బలమిచ్చాయి. 1999లో బర్క్‌లీలో జో ఓరెన్‌స్టైన్ బృందం టెరాహెర్ట్జ్ తరంగాలు పంపి, సందిగ్ధ ఉష్ణోగ్రత దాటాక కూడా దశల పొందిక క్షణకాలం మిగిలి ఉంటుందని కొలిచింది. 2000లో ప్రిన్స్‌టన్‌లో ఫువాన్ ఓంగ్ బృందం ఒక పక్క వేడి, ఒక పక్క చల్లదనం ఉన్న స్ఫటికానికి అయస్కాంత క్షేత్రం పెట్టి, అతివాహకంలో మాత్రమే ఉండాల్సిన, దశ గిరగిరా తిరిగే సుడుల కదలిక లాంటి సంకేతాన్ని చాలా పై ఉష్ణోగ్రతల దాకా చూసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రాగి ఆక్సైడ్‌లలో సందిగ్ధ ఉష్ణోగ్రతకు ఎంతో పైనుంచే ఎలక్ట్రాన్ల శక్తి పట్టికలో ఒక పాక్షిక ఖాళీ కనిపిస్తుంది. దానికి మిథ్యా అంతరం అని పేరు. ఆ ఖాళీ మొత్తాన్నీ దశ కలవని జంటల ఖాతాలో వేయడం తొందరపాటు. అందులో కొంత భాగం ఛార్జి అలల వంటి వేరే అమరికల వల్ల వస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. జంటల వాటా ఎంత, ఇతర అమరికల వాటా ఎంత అన్నదాని మీద వాదం ఇంకా తెగలేదు.

ఉపరితలం విషయానికి వస్తే, మామూలు అతివాహకంలో కూడా అది లోపలి భాగం చెప్పినట్టు వినదు. 1963లో సెయింట్ జేమ్స్, డి జెన్ ఒక లెక్క చూపారు: అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతూ పోతే లోపల అతివాహకత నశించాక కూడా, క్షేత్రానికి సమాంతరంగా ఉన్న పైపొరలో అది దాదాపు 1.69 రెట్ల క్షేత్రం వరకు బతికి ఉంటుంది. కణ త్వరణ యంత్రాల్లో వాడే నియోబియం డబ్బాల్లో సూక్ష్మతరంగాలు చొచ్చుకుపోయేది దాదాపు 40 నానోమీటర్ల లోతుకే. యంత్రం పనితనమంతా ఆ పైపొర మీదే ఆధారపడుతుంది. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో గణపతిరావు మైనేని, పీటర్ నైసెల్ తదితరులు పెద్ద రేణువులున్న నియోబియం దిమ్మలనుంచి నేరుగా కోసిన పలకలతో ఈ డబ్బాలు తయారుచేయించారు. రేణువుల సరిహద్దులు తగ్గడం, పైపొర నునుపు తేలడం ఆ పద్ధతిలోని లాభాలు.

సంప్రదాయేతర అతివాహకాల్లో ఉపరితలం ఇంకా మొండిది. ఎలక్ట్రాన్ గోడకు తగిలి వెనక్కి వచ్చేటప్పుడు దాని దిశ మారుతుంది. దిశ మారితే జంట తరంగం గుర్తు మారే పదార్థంలో, వెళ్లేటప్పుడు ధనాత్మకంగా ఉన్నది వచ్చేటప్పుడు ఋణాత్మకమవుతుంది. రెండూ రద్దయి, స్ఫటికాన్ని 45 డిగ్రీల కోణంలో కోసిన ముఖం మీద జంటలు విరిగిపోతాయి. విరిగిన చోట సరిగ్గా సున్నా శక్తి దగ్గర ఎలక్ట్రాన్ స్థితులు గుంపుగా పుట్టుకొస్తాయి. 1994లో చియా-రెన్ హూ దీన్ని ఊహించాడు. మరుసటి ఏడాది తనకా, కషివాయా, సన్నని అవరోధం దాటి ఎలక్ట్రాన్లు దూకే టన్నెలింగ్ ప్రయోగాల్లో సున్నా వోల్టేజి దగ్గర కనిపించే శిఖరానికి ఇదే కారణమని లెక్కగట్టారు. అన్ని స్థితులు ఒకే శక్తి దగ్గర పోగుపడడం నిలకడైన ఏర్పాటు కాదు. కాస్త అవకాశం దొరికితే అవి చీలి శక్తిని తగ్గించుకోవాలని చూస్తాయి. ఒక మార్గం, ఉపరితలం మీద మాత్రమే ఇంకో రకం జంట తరంగం పుట్టి కాలదిశా సౌష్ఠవాన్ని, అంటే కాలాన్ని వెనక్కి తిప్పినా స్థితి మారకపోవడాన్ని, భంగపరచడం. 1997లో ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ పొరల్లో శిఖరం అయస్కాంత క్షేత్రం లేకుండానే రెండుగా చీలినట్టు కోవింగ్టన్, గ్రీన్ తదితరులు చూశారు. తర్వాతి ప్రయోగాలు అన్నీ దీన్ని సమర్థించలేదు. కొన్ని నమూనాల్లో చీలిక ఉంది, కొన్నింటిలో లేదు. ఉపరితలం గరుకుదనం, ఆక్సిజన్ పాలు మారితే ఫలితం మారిపోతుంది.

ఉపరితలం విషయంలో రెండో సంగతి కొలతల (డైమెన్షన్ల) సంఖ్య. ఉపరితలం రెండు కొలతల లోకం. నిరంతరంగా మారగల దశ ఉన్న ఏ అమరికా రెండు కొలతల్లో పూర్తిగా స్థిరపడదని 1966 నుంచీ తెలుసు. అయినా అతివాహకత సాధ్యమేనని బెరెజిన్‌స్కీ, తర్వాత 1973లో కోస్టర్లిట్జ్, థౌలెస్ చూపారు. దశ ఒక బిందువు చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగితే సుడి అవుతుంది. తక్కువ ఉష్ణోగ్రతలో కుడి సుడి, ఎడమ సుడి జతకట్టి ఉంటాయి గనుక కరెంటుకు అడ్డు రావు. ఉష్ణోగ్రత పెరిగితే ఆ జతలు విడిపోయి సుడులు స్వేచ్ఛగా తిరుగుతాయి, నిరోధం తిరిగొస్తుంది. ఎలక్ట్రాన్ జంటలు మాత్రం చెక్కుచెదరవు. ఈ పనికి కోస్టర్లిట్జ్, థౌలెస్‌లకు 2016లో హాల్డేన్‌తో పాటు నోబెల్ బహుమతి వచ్చింది. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతాప్ రాయ్‌చౌధురి బృందం నియోబియం నైట్రైడ్ పలుచటి పొరల మీద దశాబ్దానికి పైగా చేసిన కొలతలు ఈ విషయంలో విలువైనవి. పరమాణువుల అమరికను చెదరగొట్టే కొద్దీ ఆ మామూలు అతివాహకంలోనే సందిగ్ధ ఉష్ణోగ్రతకు పైన మిథ్యా అంతరం కనబడింది. అంటే జంట కట్టడం, దశ కలవడం విడిపోవడానికి పదార్థం వింతది కానక్కర్లేదు. పలుచగా, గజిబిజిగా ఉంటే చాలు.

ఉపరితలాన్ని నేరుగా చూసే సాధనం స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్. 1981లో బినిగ్, రోరర్ దీన్ని తయారుచేశారు. మొన తేలిన సూదిని ఉపరితలానికి నానోమీటరు లోపు దూరంలో పెట్టి, మధ్యలో దూకే ఎలక్ట్రాన్ల కరెంటును కొలుస్తారు. బిస్మత్ ఉన్న ఒక రాగి ఆక్సైడ్ స్ఫటికం దీనికి బాగా అనువైనది. అది పొరలుగా సులువుగా ఊడి శుభ్రమైన ముఖం ఇస్తుంది. 2001లో వచ్చిన పటాలు చూసినవారిని ఆశ్చర్యపరిచాయి. ఒకే స్ఫటికం మీద రెండు మూడు నానోమీటర్ల దూరంలోనే, జంటను విడదీయడానికి కావాల్సిన శక్తి అంతరం గణనీయంగా మారిపోతోంది. 2007లో ప్రిన్స్‌టన్‌లో అలీ యజ్దానీ బృందం అదే చోటును వేడి చేస్తూ చూసి, సందిగ్ధ ఉష్ణోగ్రత దాటాక అంతరం అన్ని చోట్లా ఒక్కసారే పోదనీ, ఒక్కో మచ్చ ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఆరిపోతుందనీ చూపింది. జంటలు ముందుగా విడివిడి మచ్చలుగా పుడతాయి, మచ్చలు కలిసినప్పుడే నిరోధం పోతుంది.

ఇది లోపలి సంగతా, కేవలం పైపొర సంగతా? ప్రశ్న న్యాయమైనది. ఈ పదార్థం వరకు 2019లో షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయం జవాబిచ్చింది. ఆ స్ఫటికాన్ని ఊడదీస్తూ ఒక్క ప్రమాణ పొర దాకా తెచ్చినా సందిగ్ధ ఉష్ణోగ్రత పెద్ద స్ఫటికంతో దాదాపు సమానంగా ఉంది. కాబట్టి ఇక్కడ పైపొర లోపలి సంగతే చెబుతోందని నమ్మవచ్చు. ఈ నమ్మకాన్ని మిగతా పదార్థాలకు వర్తింపజేస్తేనే చిక్కు.

యురేనియం, టెల్లూరియం సమ్మేళనం అందుకు మంచి ఉదాహరణ. ఇది 2019లో వెలుగులోకి వచ్చింది, మేలైన స్ఫటికాల్లో దాని సందిగ్ధ ఉష్ణోగ్రత 2 కెల్విన్‌లకు కాస్త పైన. జంటలో రెండు స్పిన్‌లూ ఒకే వైపు ఉండే అరుదైన రకం ఇదని సూచనలున్నాయి. 2020లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విద్యా మాధవన్ బృందం దీని ఉపరితలపు మెట్ల అంచుల దగ్గర, కరెంటు ఒకే దిశలో తిరుగుతోందనడానికి ఆధారంగా తీసుకోదగ్గ స్థితులను చూసింది. కాంతితో చేసిన తొలి కొలతలు కూడా కాలదిశా సౌష్ఠవం భంగమైనట్టు చెప్పాయి. మరింత స్వచ్ఛమైన స్ఫటికాలు పెంచాక ఆ కాంతి సంకేతం కనిపించలేదు. 2023లో ఉపరితలం మీద ఛార్జి అలలు, వాటితో పెనవేసుకున్న జంటల సాంద్రతా అలలు బయటపడ్డాయి. 2024లో ఎక్స్ కిరణాలతో లోపలికి చూస్తే అక్కడ ఛార్జి అలల జాడ లేదు. రెండు కొలతలూ సరైనవే. తప్పల్లా పైపొర మీద చూసింది స్ఫటికం మొత్తానికి అంటగట్టడంలోనే ఉంది. స్ట్రాన్షియం, రుథేనియం ఆక్సైడ్ విషయంలోనూ ఇలాంటి పాఠమే ఎదురైంది. అంచుల్లో ఉండాల్సిన కరెంటు ఎంత వెతికినా దొరకలేదు, 2019లో కేంద్రక అయస్కాంత అనునాద కొలతలు అందులోనూ జంట స్పిన్‌లు ఒకే వైపు ఉంటాయన్న దాదాపు పాతికేళ్ల నమ్మకాన్ని తలకిందులు చేశాయి.

కొన్నిసార్లు ఉపరితలమే లోపలి కంటే మెరుగు. ఐరన్ సెలినైడ్ మామూలుగా 8 కెల్విన్‌ల దగ్గర అతివాహకమవుతుంది. 2012లో బీజింగ్‌లో షుయె చికున్ బృందం స్ట్రాన్షియం టైటనేట్ మీద ఒక్క పొర పెంచితే అంతరం ఎన్నో రెట్లు పెద్దదై, 65 కెల్విన్‌ల వరకు నిలిచింది. నిరోధం సున్నాకు చేరడం మాత్రం 30 కెల్విన్‌ల ప్రాంతంలోనే. ఈ రెండు అంకెల నడుమ ఉన్న ఖాళీ దశల హెచ్చుతగ్గులదేనని ఇప్పటి అవగాహన. ప్లాటినం, బిస్మత్ సమ్మేళనం ఇంకా విచిత్రం. దాని లోపలి భాగం 1 కెల్విన్ కంటే తక్కువలో గాని అతివాహకం కాదు. 2024లో డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు కాంతితో ఎలక్ట్రాన్లను వెలికితీసి చూడగా, పైముఖం మీద మాత్రమే ఉండే ఎలక్ట్రాన్ స్థితులు 10 కెల్విన్‌ల దరిదాపుల్లోనే జంటలు కట్టినట్టు తేలింది. సూది మైక్రోస్కోప్ అదే ముఖం మీద చోటుకో అంతరాన్ని చూపింది. జంటలు ఉన్నాయనడానికి సాక్ష్యం బలంగానే ఉంది. దశలు ఎంత మేర కలుస్తున్నాయన్నదే అసలు ప్రశ్న.

ఈ చర్చ ప్రయోగశాల గోడలు దాటుతోంది. ఒక్కొక్క ఫోటాన్‌ను లెక్కించే పరికరాల్లో నియోబియం నైట్రైడ్ తీగ మందం 5 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అందులో తనంతట తాను దాటిపోయే సుడి, కాంతి పడకుండానే తప్పుడు లెక్క నమోదు చేయిస్తుంది. 2025 మేలో అమరావతి క్వాంటం వ్యాలీకి ప్రకటించిన ఐబీఎం యంత్రంలోని 156 క్యూబిట్‌లు అతివాహక వలయాలే. అలాంటి వలయాల్లో సమాచారం చెదిరిపోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి లోహం పైముఖం మీది ఆక్సైడ్ పొర. క్యూబిట్‌లకు వాడేది కూడా అల్యూమినియం, నియోబియం, టాంటలం వంటి మామూలు అతివాహకాలనే. రాగి ఆక్సైడ్‌లలో జంట తరంగం సున్నా అయ్యే దిశలు ఉన్నాయి గనుక ఎంత చల్లబరిచినా విడి ఎలక్ట్రాన్లు మిగులుతాయి, ఉపరితలం వాటిని ఇంకా పెంచుతుంది. 93 కెల్విన్‌ల పదార్థం చేతిలో ఉన్నా, నేటి అతివాహక క్వాంటం కంప్యూటర్లు 1 కెల్విన్‌లో వందో వంతు ఉష్ణోగ్రతలో 1.2 కెల్విన్‌ల అల్యూమినియంతోనే పని నడుపుకుంటున్నాయి.